పదహారేళ్ల కొడుకు పందేల్లో డబ్బు పోగొట్టాడు, ఆ అప్పు మేము కట్టాలా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. హాలియా దగ్గర పల్లె, ఐదెకరాల వరి, నల్లగొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న పదహారేళ్ల కొడుకు. యాసంగి వడ్లు అమ్మిన డబ్బులోంచి 62 వేలు నెల రోజుల్లో కొంచెం కొంచెంగా పోయాయి. బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ముద్రించుకుంటే గానీ మీకు తెలియలేదు. మొదట క్రికెట్ పందేలు, తరువాత ఫోనులో ఎరుపు పడుతుందా పచ్చ పడుతుందా అని డబ్బు పెట్టే రంగులాట. ఇవి కాక ఇద్దరు స్నేహితుల దగ్గర, ఆటకు ‘ఐడీ’ (పందెం ఆడే ఖాతా) ఇచ్చినతని దగ్గర కలిపి 18 వేల అప్పు. వాళ్ల నాన్న కొట్టారు, ఫోను లాక్కున్నారు. నాలుగు రోజులుగా పిల్లవాడు సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. అప్పు కట్టేసి తిరిగి హాస్టల్‌కు పంపాలా, చదువు మాన్పించి పొలం పనిలో పెట్టాలా అని మీ ప్రశ్న.

ఆ రెండింటి సంగతి తరువాత చూద్దాం. తినడం లేదు, మాట్లాడడం లేదు అన్నారు చూడండి, నన్ను కలవరపెట్టింది ఆ మాట. నేను నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ జూనియర్ కళాశాలల్లో ఇరవై ఆరేళ్లు గణితం చెప్పాను. చివరి ఎనిమిదేళ్లు పిల్లల కౌన్సెలింగ్ బాధ్యత కూడా చూశాను, ఉద్యోగ విరమణ తరువాత ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. వైద్యుణ్ని కాను. కానీ పందేల్లో డబ్బు పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని దగ్గరగా చూశాను. వాళ్లకు అత్యంత ప్రమాదకరమైన రోజులు డబ్బు పోయిన రోజులు కావు. విషయం ఇంట్లో బయటపడిన మొదటి వారం. అప్పటిదాకా ‘ఎలాగైనా రాబట్టి ఖాతాలో వేసేస్తాను, ఎవరికీ తెలియదు’ అన్న ఆశ ఒకటి వాడిని నిలబెడుతుంది. బయటపడగానే ఆ ఆశ కూడా పోతుంది, సిగ్గు ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి ఈ రాత్రే వాడి పక్కన కూర్చోండి. ‘నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా బాబూ?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని తల్లిదండ్రులు భయపడతారు. అలా పుట్టదు. మోయలేక మోస్తున్న మాటను దించుకోవడానికి వాడికి ఒక చోటు దొరుకుతుంది. ‘అవును’ అన్నా, ఏమీ చెప్పకుండా ఏడ్చినా, వాడిని ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న టెలీ మానస్ నంబరు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు. మర్నాడు నల్లగొండ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. పొలం మందులు ఇంట్లో ఉంటే ఈ పూటే తీసుకెళ్లి వేరేవాళ్ల ఇంట్లో తాళం వేసి పెట్టించండి. వాళ్ల నాన్నగారితో ఒక్క మాట చెప్పండి, ఇక చెయ్యి చేసుకోవద్దని. ఆయన కోపం నాకు తెలియనిది కాదు. ఆరు నెలలు నీళ్లకూ కరెంటుకూ కాపలా కాసి పండించిన పంట అది. కానీ దెబ్బ తిన్న పిల్లవాడు ఆట మానడు, దాచడం ఇంకాస్త బాగా నేర్చుకుంటాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. అప్పు కట్టాలా వద్దా తేల్చాలంటే ముందు అసలు అంకె ఎంతో తెలియాలి. మీకు తెలిసింది 62 వేలు, 18 వేలు. నా అనుభవంలో మొదటిసారి చెప్పిన అంకె ఎప్పుడూ పూర్తి అంకె కాలేదు. అబద్ధం ఆడాలని కాదు. ఎంత చెబితే ఇంట్లో తట్టుకుంటారో అంతవరకే చెబుతారు. మిగిలింది ఎలాగో సర్దుకుందామనుకుంటారు. ఆ సర్దుబాటు కోసమే మళ్లీ ఆడతారు. వాడు చెప్పిన అంకె వరకు మీరు తీర్చేసి ఊపిరి పీల్చుకుంటారు, వాడేమో మిగిలిన పది వేల కోసం ఎవరి ఫోనులోంచో మళ్లీ లోపలికి వెళతాడు. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతి ఇంటివారికీ మొదట చెప్పేది ఒకటే. దాచిన అంకె ఒక్క రూపాయి మిగిలినా ఆట మిగిలినట్టే.

పాండవుల జూదం తలచుకోండి. మొదటిసారి ధర్మరాజు సర్వం ఓడిపోయాడు. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి, పోయినదంతా తిరిగి ఇచ్చేశాడు. అందరూ ఇంద్రప్రస్థానికి బయలుదేరారు కూడా. దారిలో ఉండగానే మళ్లీ ఆటకు పిలుపు వచ్చింది, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. వాళ్లను అడవులకు పంపింది ఆ రెండో ఆట. పోయినది చేతికి తిరిగొచ్చినంత మాత్రాన పిలుపు ఆగదు. మీ వాడి ఫోనుకు వచ్చే సందేశాలు అలాంటి పిలుపులే. ‘మీ ఖాతాలో 500 బోనస్ వేశాం, రండి’ అంటాయి.

అసలు ఎందుకు ఆగలేకపోతున్నాడు, అంత తెలివితక్కువ వాడా అని మీరు బాధపడ్డారు. ఒక సంగతి చెబుతాను. నా ఉద్యోగ విరమణకు ముందు ఏడాది, చివరి బెంచీలో ఒక పిల్లవాడు పాఠం వినకుండా గళ్ల నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూ కనిపించాడు. తీసి చూశాను. పేజీ నిండా ‘ఎ’, ‘ప’ అక్షరాలు, గడికి ఒకటి చొప్పున. ఎరుపు, పచ్చ. అలా నలభై పేజీలు. అక్కడక్కడ నాలుగైదు అక్షరాల చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసి, పక్కన బాణం గుర్తు పెట్టాడు. ‘ఏమిటి నాయనా ఇది?’ అంటే, ‘ట్రెండ్ సార్. మూడు ఎరుపులు వరుసగా వస్తే తరువాత పచ్చ వస్తుంది, ఎప్పుడో ఒకసారి తప్పుతుంది’ అన్నాడు. అంత ఓపికగా లెక్క రాసుకున్నవాడు సోమరి కాడు, తెలివితక్కువ వాడు అసలే కాడు.

మధ్యాహ్నం నా గదికి పిలిచి, జేబులోంచి ఐదు రూపాయల నాణెం ఇచ్చాను. రెండు వందల సార్లు ఎగరెయ్యి, బొమ్మ పడితే ‘ఎ’, బొరుసు పడితే ‘ప’ రాయి అన్నాను. అన్నం డబ్బా పక్కన పెట్టి అంతా రాశాడు. ఆ కాగితాన్ని వాడి పుస్తకంలోని పేజీల మధ్య కలిపి, పై అంచులు చేత్తో మూసి, ఏది ఫోను ఆట, ఏది నాణెం చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు. వాడు సున్నాలు చుట్టిన ‘ట్రెండ్’లన్నీ నాణెం పేజీలోనూ ఉన్నాయి. ‘ఇంతకు ముందు ఏం పడిందో నాణేనికి గుర్తుంటుందా?’ అని అడిగాను. చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుని, ‘అయితే ఏడు నెలలుగా నేను చేసింది ఏమిటి సార్?’ అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నిజానికి నాణెమే నయం. దానికి ఎవరి మీదా ఆశ లేదు. ఈ యాప్‌లలో ఎవరు ఏ రంగు మీద ఎంత పెట్టారో నడిపేవాడికి ముందే కనిపిస్తుంది. ఫలితం వాడి చేతిలోనే ఉంటుంది, తనిఖీ చేసేవారు లేరు. పోనీ అంతా న్యాయంగానే నడిచిందనుకుందాం. 100 పెట్టి గెలిస్తే 190 ఇస్తారు, ఓడితే 100 పోతుంది. గెలుపు ఓటములు సమానంగా వచ్చినా సగటున ఆటకు ఐదు రూపాయలు యాప్ నడిపేవాడికి మిగులుతాయి. నిమిషానికి ఒక ఆట. మూడు గంటలు ఆడితే 180 ఆటలు, అంటే 900 రూపాయలు. ఓడిన ప్రతిసారీ రెట్టింపు పెడితే నష్టం రాదని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. 100, 200, 400, 800 అలా పెంచుకుంటూ పోతే వరుసగా ఏడుసార్లు ఓడేసరికి పోయింది 12,700. ఎనిమిదోసారికి 12,800 కావాలి. వరుసగా ఏడుసార్లు ఓడడం ఎక్కడో గానీ జరగదనుకుంటారు. 180 సార్లు నాణెం ఎగరేస్తే ఒకే వైపు, అంటే బొరుసే, వరుసగా ఏడుసార్లు పడడానికి దాదాపు సగానికి సగం అవకాశం ఉంది. ఒక్క రాత్రి ఆటలో! మీ పాస్‌బుక్ ఒకసారి చూడండి. మొదట వందలు, తరువాత వేలు, ఒకే గంటలో ఒకదాని వెంట ఒకటి రెట్టింపవుతూ వెళ్లిన వరుస కనిపిస్తే, అది ఇదే.

ఇంత లెక్క తెలిశాక ఆ పిల్లవాడు మానేశాడని రాయాలని నాకూ ఉంది. రెండు నెలలకు మళ్లీ ఆడాడు. లెక్క అర్థమైంది, కానీ అప్పటికి పోయిన డబ్బు లోపల సలుపుతూనే ఉంది. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాలు ఉన్నాయి. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజలు పడితే, గింజలు ఆగిపోగానే పావురం కొద్దిసేపట్లో పొడవడం మానేస్తుంది. ఎప్పుడు పడతాయో తెలియకుండా ఒకసారి పడి, పదిసార్లు పడకుండా ఉంటే మాత్రం, పూర్తిగా ఆపేసినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. పందెం నడిచేది ఈ సూత్రం మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో జూదం వ్యసనాన్ని మద్యం, మత్తు పదార్థాల వ్యసనాలున్న విభాగంలోనే చేర్చింది. పదహారేళ్ల వయసులో మెదడులో ఊరించే భాగం చురుగ్గా ఉంటుంది, దాన్ని పట్టి ఆపే భాగం ఇంకా ఎదుగుతూ ఉంటుంది. అందుకే చిన్నవాళ్లు త్వరగా చిక్కుకుంటారు.

మన దగ్గర జూదం కొత్త కాదు. జాతరలో అందర్ బాహర్, దీపావళికి పత్తాలు నా చిన్నప్పుడూ ఉన్నాయి. కానీ జాతర మూడు రోజుల్లో ముగిసేది. పత్తాలకు నలుగురు కూడాలి. పిల్లవాడు అక్కడ కూర్చుంటే ఎవరో ఒక పెద్దాయన చూసి సాయంత్రానికి వాళ్ల నాన్న చెవిన వేసేవాడు. ఇప్పుడు దుప్పటి కింద ఒక్కడే ఆడతాడు, చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇంకొక మార్పు గురించి ఎవరూ మాట్లాడడం లేదు. మన ఇళ్లలో ఇప్పుడు బ్యాంకు పని చేసేది పదిహేనేళ్ల పిల్లవాడే. మహబూబ్‌నగర్ వైపు తండ్రి ముంబైలో పనిలో ఉంటాడు, పంపిన డబ్బు వచ్చిందో లేదో తల్లికి చెప్పేది కొడుకు. మీ వైపు వడ్ల డబ్బు పడిందని చూసేదీ, ఎరువుల దుకాణానికి పంపేదీ, సంఘం కిస్తీ కట్టేదీ వాడే. యూపీఐ పిన్ పెట్టింది కూడా వాడే. ఇందులో మీ తప్పు ఏమీ లేదు, నమ్మకంగానే అప్పగించారు. కానీ యాసంగి వడ్ల డబ్బు ఖాతాలో పడేదీ, ఐపీఎల్ సాగేదీ ఒకే కాలం. ఏప్రిల్, మే నెలల్లో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల కథలు దాదాపు మీ కథలాగే ఉంటాయి.

అందుకే ఫోను లాక్కోవడం కంటే ముందు డబ్బు దారి మూయాలి. ఫోను హాస్టల్‌లో పక్క మంచం మీద ఇంకొకటి దొరుకుతుంది. మీరూ వాళ్ల నాన్నగారూ కలిసి బ్యాంకుకు వెళ్లి, పంట డబ్బు పడే ఖాతాకు యూపీఐ ఆపించండి, ఏటీఎం కార్డు పిన్ మార్చండి. ఆ ఖాతాకు ముడిపడిన సిమ్ ఇక నుంచి నాన్నగారి మామూలు ఫోనులోనే ఉండాలి. దుకాణానికి డబ్బు పంపడానికి రెండు మూడు వేలకు మించి ఉంచని వేరే ఖాతా ఒకటి పెట్టుకోండి.

ఇక అంకె. రేపు ఉదయం, పిల్లవాడు కాస్త తేరుకున్నాక, ఒక కాగితం ఇచ్చి ఎవరెవరికి ఎంత ఇవ్వాలో రాయమనండి. మీరు పక్కన ఉండండి, కానీ తొంగి చూడకండి. ‘ఎంత రాసినా నిన్ను కొట్టం, ఇంట్లోంచి పంపం. ఒక్కటి దాచినా మాకు సాయం చేయడం కుదరదు’ అని ముందే చెప్పండి. రాసి ఇచ్చాక, ‘ఇంకేమైనా ఉందా, సాయంత్రం దాకా ఆలోచించుకుని కలుపు’ అని కాగితం తిరిగి వాడికే ఇవ్వండి. సాయంత్రానికి తప్పకుండా రెండు వరుసలు పెరుగుతాయి. అలా పెరిగినప్పుడు మీ ముఖంలో ఏం కనిపిస్తుందో వాడు అదే చూస్తాడు. ఆ క్షణంలో నిబ్బరంగా ఉండండమ్మా. ఇందులో కష్టమైనది అదొక్కటే.

ఆ కాగితంలో మూడు రకాల అప్పులు ఉంటాయి. తోటి పిల్లలు తమ మెస్ డబ్బులోంచో, ఫీజు డబ్బులోంచో ఇచ్చినవి తీర్చాలి. కానీ డబ్బు మీ వాడి చేతికి ఇవ్వకండి. నాన్నగారు వెళ్లి ఆ పిల్లల తల్లిదండ్రుల చేతిలో పెట్టాలి, మీ వాడు పక్కన ఉండాలి. వాళ్లకూ తమ పిల్లల సంగతి తెలిసినట్టవుతుంది. వాడి ఫోనులోని సందేశాలు భద్రపరచుకున్నాక దాన్ని అమ్మి, ఆ డబ్బును మొదటి వాయిదాగా కట్టండి. మిగిలింది నెలనెలా కట్టవచ్చు. ఒకేసారి తీర్చేయకండి. ఒక్క రోజులో తీరిన అప్పు వాడికి బరువు తెలియనివ్వదు.

రెండోది ‘ఐడీ’ ఇచ్చినతనిది. అతనికి ఒక్క రూపాయి ఇవ్వకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండనివారితో ఏ ఒప్పందమూ చెల్లదని 11వ సెక్షను. మన రాష్ట్రంలో 2017లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను రమ్మీతో సహా నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. ఇలాంటి ఆటలు నడిపినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రచారం చేసినవారికి రెండేళ్లు, 50 లక్షలు అని రాసింది. ఆడి మోసపోయినవారికి ఆ చట్టంలో శిక్ష లేదు. కాబట్టి అతను ఇంటికి వస్తానని, పరువు తీస్తానని బెదిరిస్తే భయపడవలసింది మీరు కాదు. సందేశాలు చెరిపేయకుండా ఉంచి పోలీసు స్టేషన్‌కు వెళ్లండి, 1930 సైబర్ నేరాల నంబరుకు చెప్పండి. పోయిన డబ్బు రాబట్టిస్తామని ఎవరైనా ఫోన్ చేసి ముందు ఫీజు అడిగితే అది రెండో మోసం. ఫోను పెట్టేయండి.

మూడోది అప్పుల యాప్. చిన్నవాళ్లు నాన్న ఆధార్, నాన్న పాన్ ఫోటో పెట్టి తీసుకుంటారు. ఉందో లేదో సూటిగా అడగండి. ఉంటే బ్యాంకులో మాట్లాడి, అసలు సంస్థో నకిలీదో తేల్చుకున్నాకే కట్టండి. ఇంకొకటి కూడా అడగండి: తన బ్యాంకు ఖాతా గానీ, ఏటీఎం కార్డు గానీ, సిమ్ గానీ ఎవరికైనా ఇచ్చాడా? వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి పిల్లల ఖాతాలను తీసుకుని, పందేల డబ్బును వాటిలో తిప్పుతారు. పోలీసులు వచ్చేసరికి ఖాతా ఎవరి పేరున ఉందో అతనే దొరుకుతాడు. మీ వాడు అలా ఇచ్చి ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు ఆ ఖాతా మూయించండి.

చదువు మాన్పించకండి. పొలం పని శిక్షగా పెడితే పొలమూ చేదవుతుంది, చదువూ పోతుంది. అలాగని వెంటనే హాస్టల్‌కు కూడా వద్దు. రెండు నెలలు ఇంటి నుంచి బస్సులో వెళ్లి రానివ్వండి, కళాశాలలో నమ్మదగిన ఒక్క అధ్యాపకుడికి మాత్రం విషయం చెప్పండి. ఊరంతా తెలియనక్కరలేదు. బస్సు పాసు చేయించండి, చేతి ఖర్చుకు ఏ రోజుకారోజు ఇవ్వండి. సాయంత్రం ఆరు నుంచి పదకొండు వరకు, మ్యాచ్‌లు ఉండే వేళ, వాడికి ఏదో ఒక పని, ఎవరో ఒకరి తోడు ఉండాలి. నాన్నగారితో పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లినా మంచిదే. అది శిక్ష కాదు, తోడు. ఆయనకు మాట్లాడాలనిపించకపోతే మాట్లాడనక్కరలేదు, గట్టు మీద పక్కన కూర్చుంటే చాలు.

మళ్లీ ఒకసారి జారవచ్చు. జారితే దాచకుండా చెప్పాడా లేదా అన్నదే చూడండి. నా నోటు పుస్తకం పిల్లవాడు రెండోసారి ఆడినప్పుడు 1,400 పోగొట్టుకుని, మర్నాడు ఉదయం తనంతట తానే నా గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

ఈ రాత్రి వాడితో మాట్లాడాక, అన్నం తిన్నాడో లేదో రెండు ముక్కలు రాయండి. కాగితంలో అంకె ఎంత వచ్చినా సరే, దాని గురించి రేపు మాట్లాడుకుందాం.